నెల రోజుల హోటల్ తిండి: నాలుక మీద మిగిలినవి

హోటల్‌కి వెళ్ళొచ్చిన మనిషిని దోసె ఎలా ఉంది, బిర్యానీ ఎలా ఉంది అని అడుగుతారు. చట్నీ ఎలా ఉందని ఎవరూ అడగరు. ఈ జనవరి అంతా బెంగళూరు హోటళ్ళలో తిని తిరిగాక నాకు తేలిందేమిటంటే, ముందు అడగాల్సింది అదే. పెనం బాగుంటే దోసె ఎవరైనా ఓ మాదిరిగా పోసేస్తారు. పక్కన గిన్నెలో పోసేదానికి విడిగా డబ్బు రాదు. రాని డబ్బు కోసం కూడా శ్రద్ధ పెట్టే హోటలేదో, పెట్టని హోటలేదో ఆ గిన్నె చూస్తే తెలిసిపోతుంది.

నెలంతా బయట తిండి ఎందుకంటే వంటిల్లు పగలగొట్టించాం. పాత గట్టు తీసేసి కొత్తది, కొత్త అరలు, కొత్త టైల్స్. రెండు వారాల్లో అప్పజెప్తానన్న కాంట్రాక్టరు సంక్రాంతికి మనుషులందర్నీ ఊళ్ళకి పంపేసి, ఫోన్ చేస్తే "రేపు మేడమ్" అంటూ వచ్చాడు. హాల్లో మూలన ఒక ఇండక్షన్ స్టవ్వు, దాని మీద అత్తయ్య కాఫీ. అంతవరకే మా వంట. మాది త్యాగరాజనగర్. నాది మదనపల్లె, మా ఆయనా అత్తయ్యా తెనాలి వాళ్ళు, మా అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగిన బెంగళూరు పిల్ల. అంటే ఏ ప్లేటు ముందు కూర్చున్నా మూడు రకాల తీర్పులు వస్తాయి. చట్నీల దగ్గర మాత్రం మాకు గొడవ రాలేదు, ఒక్క చోట తప్ప.

ఆ ఒక్క చోటు శంకరపురంలోని బ్రాహ్మిన్స్ కాఫీ బార్. 1965 నుంచి ఉన్న చిన్న దుకాణం. కూర్చోడానికి కుర్చీలు ఉండవు. చెట్టు కిందో, అరుగు మీదో, ఆగి ఉన్న స్కూటర్ మీదో ప్లేటు పెట్టుకుని తినాలి. దొరికేవి ఇడ్లీ, వడ, ఖారాబాత్ అనే కారం ఉప్మా, కేసరిబాత్ అనే రవ్వ కేసరి, కాఫీ, టీ. సాంబారు ఉండదు. అసలు వండరు. మా అత్తయ్యకి సాంబారు లేకపోయినా ఫర్వాలేదు గానీ అల్లప్పచ్చడి లేకపోతే ఇడ్లీ దిగదు. "కాస్త అల్లప్పచ్చడి వేయి బాబూ" అని తెలుగులోనే అడిగేసింది. చట్నీ పోసే అతను ఏం అర్థం చేసుకున్నాడో గానీ ఇంకో గరిటె కొబ్బరి చట్నీ పోశాడు. ఇక్కడ చట్నీ పోయడానికే ఒక మనిషి ప్రత్యేకంగా నిలబడి ఉంటాడు. ఎన్నిసార్లు వెళ్ళినా మొహం చిట్లించడు.

ఆ చట్నీ గురించి కొంచెం ఆగి చెప్పాలి. మన వైపు హోటల్ చట్నీ అంటే పల్లీలు, లేకపోతే పుట్నాలు ఎక్కువ, కొబ్బరి పేరుకి. ఇక్కడ కొబ్బరిదే పెత్తనం. పచ్చిమిర్చి కారం ముందు తెలియదు, ఇడ్లీ సగం అయ్యాక గొంతు దగ్గర తెలుస్తుంది. పలచగా ఉంటుంది, కానీ నీళ్ళు వేరుగా తేలవు. ప్లేటు వంచితే తెల్లగా అంతా ఒకటిగా కదులుతుంది. ఇడ్లీ మీద పోస్తే పైనుంచి జారిపోకుండా లోపలికి దిగుతుంది, చెంచాతో తుంచితే ముక్క మధ్యలో కూడా తడి కనపడుతుంది. పొద్దున ఏడింటికి తిన్నా, పదకొండింటికి తిన్నా అదే రుచి. అంటే పొద్దున్నే ఓ పెద్ద గంగాళానికి రుబ్బి పెట్టేసి నీళ్ళు కలుపుతూ పోవడం లేదన్నమాట. మా ఆయన వడ కూడా ఆ చట్నీలో ముంచేసి నానబెట్టుకుని తిన్నాడు. కరకరలాడే వడని అలా పాడు చేస్తారా అని మా అమ్మాయి గొడవ. నేను మాత్రం మా ఆయన వైపే. అత్తయ్య మాత్రం నెలాఖరు దాకా అల్లం లేదన్న మాట వదల్లేదు. అయినా మళ్ళీ వెళ్దామా అంటే చీర మార్చుకుని ముందు ఆవిడే తయారు. పొద్దున, సాయంత్రం తీస్తారు, మధ్యాహ్నం మూత. ఆదివారం సెలవు, గుర్తు పెట్టుకోండి. ఇద్దరి టిఫినూ కాఫీలూ కలిపి రెండు వందల లోపే అయింది.

గాంధీబజార్ విద్యార్థి భవన్ గురించి ఇంటర్నెట్ నిండా రాశారు కాబట్టి నేను పొడిగించను. 1943లో పెట్టింది. పేరుకి తగ్గట్టు అప్పట్లో చుట్టుపక్కల పిల్లల కోసం. గోడల మీద కన్నడ రచయితల రేఖాచిత్రాలు. సర్వర్ ఒక చేతి మీద డజనుకు పైగా దోసె ప్లేట్లు దొంతరగా పేర్చుకుని వస్తుంటే అందరూ ఫోన్లు తీస్తారు. మీరూ తీస్తారు. దోసె మందం, పైన ఎర్రగా కరకర, లోపల మెత్తన. ఇక్కడా సాంబారు రాదు. ఆ మందం దోసెకి పలచటి చట్నీయే కుదురుతుంది. గట్టి చట్నీ అయితే రెండు ముక్కలకే కడుపు నిండినట్టుంటుంది. శుక్రవారం సెలవు. శని, ఆదివారాల్లో గంట పైన నిలబడే ఓపికుంటేనే వెళ్ళండి. నాకు లేదు, మేం మంగళవారం వెళ్ళాం.

ఎమ్‌టీఆర్, అంటే మావళ్ళి టిఫిన్ రూమ్స్, సంగతి వేరు. మేం వెళ్ళింది లాల్‌బాగ్ రోడ్డులోని అసలు హోటల్‌కి. 1924లో మొదలుపెట్టారు. పేరు రాయించుకుని పైన గదిలో పిలుపు కోసం కూర్చోవాలి. కూర్చోవడం కూడా అక్కడ తిండిలో భాగమే అని బెంగళూరు వాళ్ళు ఒప్పేసుకున్నారు. మేం తిన్నది రవ్వ ఇడ్లీ. ఇది పుట్టిందే ఇక్కడ. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ వాళ్ళు బర్మా ఆక్రమించాక అక్కడి బియ్యం రావడం ఆగిపోయింది. బియ్యం కరువులో బొంబాయి రవ్వతో ఇడ్లీ చేసి చూశారు, అది నిలబడిపోయింది. మా అత్తయ్య ఇంట్లో ఇడ్లీకి వాడేది బియ్యపు రవ్వే, కాబట్టి మొదటి ముక్క నోట్లో పెట్టుకోగానే "ఇది ఉప్మా కాదూ?" అంది. రవ్వలో పెరుగు కలుపుతారు, ఆవాల తిరగమోత, కొత్తిమీర, పైన ఒక జీడిపప్పు. ఆవిడ మాటలో తప్పేం లేదు.

కానీ నాకు మిగిలింది ఇడ్లీ కాదు, పక్కన వచ్చిన ఆలుగడ్డ సాగూ, చిన్న గిన్నెలో నెయ్యి. సాగు అంటే మన పూరీ కూరకి దగ్గరగా ఉంటుంది, కానీ ఇక్కడ శనగపిండి ముద్దలా చిక్కగా ఉండదు, మసాలా ఘాటు లేదు. రవ్వ ఇడ్లీకి పులుపు ఉంది కాబట్టి సాగులో పులుపు పెట్టలేదు. ఇంతకంటే చిన్న విషయం ఉండదు. కానీ చాలా హోటళ్ళలో అన్నిటికీ ఒకే సాంబారు పోస్తారు. ఇడ్లీకీ అదే, పొంగల్‌కీ అదే, మధ్యాహ్నం అన్నంలోకీ అదే. ఇక్కడ దేనికి ఏది పక్కన ఉండాలో ఎవరో ఆలోచించి పెట్టారు. నెయ్యి మాత్రం కరిగించి, గిన్నెతో విడిగా ఇస్తారు. ఎంత పోసుకోవాలో మీ ఇష్టం. మా ఆయన డాక్టరు చెప్పిన మాట ఆ గిన్నె కనపడగానే మర్చిపోయాడు.

ఎమ్‌టీఆర్ వాళ్ళ మొండితనం గురించి బెంగళూరులో పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎమర్జెన్సీలో హోటళ్ళు ధరలు తగ్గించాలని ఆదేశం వచ్చింది. ఆ ధరకి ఈ సరుకు పెట్టలేం అని హోటల్ మూసేశారు. వంటవాళ్ళ చేత పొడులు, రవ్వ ఇడ్లీ మిక్సులు చేయించి పొట్లాలు కట్టి అమ్మారు. మన ఇళ్ళలో కనపడే ప్యాకెట్ల వ్యాపారం అలా పెద్దదైంది. ఆ ప్యాకెట్ల కంపెనీని 2007లో నార్వే వాళ్ళ ఓర్‌క్లా కొనుక్కుంది. హోటల్ మాత్రం ఇంకా ఆ కుటుంబం చేతిలోనే ఉంది. ప్యాకెట్ సాంబారు పొడి తిని "ఎమ్‌టీఆర్ అంటే ఇంతేగా" అనేవాళ్ళు ఒకసారి లాల్‌బాగ్ రోడ్డుకి వెళ్ళి మాట్లాడితే బాగుంటుంది. సోమవారం సెలవు.

మధ్యలో ఒక చేదు. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో కొత్తగా తెరిచిన ఒక పెద్ద టిఫిన్ హోటల్. పేరెందుకు లెండి. ఇత్తడి గిన్నెలు, అరిటాకు బొమ్మలు, గోడ మీద నియాన్ లైట్లతో కాఫీ గ్లాసు. టేబుల్ మీద స్కాన్ చేసి ఆర్డర్ పెట్టాలి. అత్తయ్యకి ఆ ఫోన్ పద్ధతి నచ్చలేదు, "మనిషి వచ్చి అడగడా?" అంది. దోసె నిజంగా బాగా వచ్చింది, అబద్ధం ఎందుకు. సన్నగా, ఎర్రగా, చివర్లు పైకి లేచి. దాంతోపాటు మూడు రంగుల చట్నీలు వచ్చాయి: తెలుపు, ఆకుపచ్చ, ఎరుపు. వేలు పెడితే మూడూ చల్లగా ఉన్నాయి. ఫ్రిజ్ లోంచి తీసిన చల్లదనం అది. ఆకుపచ్చదానికీ తెల్లదానికీ రుచిలో తేడా పట్టుకోలేకపోయాను. ఎర్రదాంట్లో పంచదార. సాంబారులో బెల్లం ఎంత పడిందంటే మా అమ్మాయికే తీపి ఎక్కువైంది, బెంగళూరు సాంబారు తాగి పెరిగిన పిల్లకి! ఇంకొంచెం చట్నీ కావాలంటే బిల్లులో వేస్తారట. వేడి దోసె, చల్లటి చట్నీ, రెండోసారికి డబ్బు. అక్కడ నా లెక్క మూసేశాను.

మాంసాహారంలో ఈ నెలకి నా ఓటు జయనగర్ ఎనిమిదో బ్లాక్ శివాజీ మిలిటరీ హోటల్‌కి. ఇక్కడ మిలిటరీ హోటల్ అంటే మాంసం వండే హోటలని అర్థం. శనివారం వెళ్ళాం కాబట్టి అత్తయ్య రాలేదు, ఆవిడకి వెంకటేశ్వరస్వామి వారం. దొన్నె బిర్యానీ అంటే హైదరాబాద్ బిర్యానీని మనసులో పెట్టుకుని వెళ్ళకూడదు. పొడుగు బాస్మతి కాదు, జీరక సాంబా అనే పొట్టి బియ్యం. కుంకుమపువ్వు రంగులు లేవు, పుదీనా, కొత్తిమీర, పచ్చిమిర్చి నూరి వేసిన ఆకుపచ్చ. పొట్టి గింజ మటన్ రసాన్ని ఎక్కువ పీల్చుకుంటుంది, అందుకే ముక్క లేని చోట కూడా అన్నానికి మాంసం రుచి ఉంటుంది. మా ఆయన మొదట "ఇది పలావు" అన్నాడు. రెండో దొన్నె చెప్పేటప్పుడు ఏమీ అనలేదు.

ఇక్కడ కూడా నన్ను పడేసింది పక్కన పోసిన షేర్వా. చాలా చోట్ల షేర్వా అంటే కారం నీళ్ళు, పైన నూనె. ఇది మటన్ ఉడికిన నీళ్ళతోనే చేసింది, మసాలా తక్కువ, మిరియం ఘాటు కొంచెం. బిర్యానీ మీద పోసుకోవడం కంటే విడిగా తాగడం మేలనిపించి గిన్నె ఎత్తి తాగేశాను. పక్క టేబుల్ పెద్దాయన చూసి నవ్వి తన గిన్నె కూడా ఎత్తాడు. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక వెళ్తే మటన్ అయిపోయే ప్రమాదం ఉంది. గది ఇరుకు, వరస పెద్దది, మన వెనక ఎవరో మన కుర్చీ కోసం నిలబడే ఉంటారు. పెళ్ళి చూపులకి వచ్చినవాళ్ళని తీసుకెళ్ళే చోటు కాదు.

నెల మధ్యలో మా ఆయన ముఖం వాడిపోయింది. దోసెలు చాలు, పప్పన్నం కావాలన్నాడు. రెసిడెన్సీ రోడ్డు నాగార్జునకి వెళ్ళాం. 1984 నుంచి బెంగళూరు వాళ్ళకి ఆంధ్రా భోజనం అలవాటు చేసిన హోటళ్ళలో ఇదొకటి. మధ్యాహ్నం వేళ చుట్టూ ఆఫీసుల వాళ్ళు, కన్నడం, తమిళం, హిందీ మాట్లాడే వాళ్ళంతా చేత్తో కలుపుకుని తింటుంటారు, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా ఆపరు. వడ్డించేవాళ్ళు తెలుగులోనే "అన్నం పెట్టమంటారా అమ్మా?" అని అడిగేసరికి అత్తయ్య ఏదో పుట్టింటికి వచ్చినట్టు సర్దుకుని కూర్చుంది.

ఆకు వేశారు, నీళ్ళు చల్లుకున్నాం. పప్పు, కూర, పచ్చడి, అన్నీ వచ్చాయి. చిల్లీ చికెన్ చెప్పాం, పచ్చిమిర్చి కరివేపాకులతో పొడిపొడిగా, అది బాగుంటుందని ఊరందరికీ తెలుసు, బాగుంది. నేను చెప్పదలుచుకున్నది పొడీ నెయ్యీ గురించి. వేడన్నం పెట్టి, మధ్యలో చిన్న గుంట చేసి, అందులో కందిపొడి వేసి, పైన నెయ్యి పోశాడు. నెయ్యి పడగానే పొడి ఒక్కసారి నల్లబడి కిందికి కుంగింది. వేయించిన కందిపప్పు వాసన, దాని వెనక వెల్లుల్లి, ఆ తర్వాత ఎండుమిర్చి. పొడి మరీ మెత్తగా లేదు. పళ్ళ కింద ఒకటీ అరా పలుకు తగులుతుంది, అదే కావాలి. మిక్సీలో పిండిలా తిప్పేసిన కందిపొడి అన్నానికి పట్టి బంకలా అవుతుంది. పలుకు ఉంటే ముద్ద విడివిడిగా ఉంటుంది. అత్తయ్య తెనాలి కందిపొడితో పోల్చి, జీలకర్ర కొంచెం తక్కువైంది అని తేల్చింది. అంత మాట ఆవిడ నోటి వెంట వస్తే అది మెచ్చుకోలే. తర్వాత సాంబారు, చారు, పెరుగు ఎలా ఉన్నాయంటే గుర్తు లేదు, ఎందుకంటే రెండోసారి అన్నం కూడా పొడితోనే తిన్నాం. చౌకేం కాదు. దుడ్డు పెడతాం కానీ ఆకు మీద లోటు చూడం.

నెలాఖరులో మావైపు రుచి. బసవనగుడి నేషనల్ కాలేజ్ మైదానంలో అవరె మేళా. ఏటా ఈ కాలంలో జరుగుతుంది, మొదట్లో పక్కనే వి.వి.పురం తిండి బీదిలో పెట్టేవాళ్ళు, రోడ్డు చాలక ఇక్కడికి మార్చారు. అవరెకాయ అంటే మా మదనపల్లెలో అనపకాయే. చలికాలంలో మా ఇళ్ళల్లో రాత్రంతా గింజలు నానబెట్టి, పొద్దున అందరం చాప మీద కూర్చుని పితికేవాళ్ళం. రెండు వేళ్ళ మధ్య నొక్కితే తొక్క లోంచి పప్పు టక్కున ఎగిరి గిన్నెలో పడేది, సగం గిన్నె బయట. ఆ పితికిపప్పుతో పులుసు, దాంట్లోకి సంగటి. తెనాలి వాళ్ళకి ఈ కాయ వాసన అంతగా ఎక్కదు. మాగడి వైపు నుంచి వచ్చే మంచి కాయకి తొక్క మీద కొంచెం జిగురుంటుంది. ఒలిస్తే వేళ్ళకి ఆ వాసన సాయంత్రం దాకా వదలదు. నాకది ప్రాణం. మా ఆయన చేయి కడుక్కో అంటాడు.

మేళాలో ఒక స్టాల్లో రాగిముద్ద, పితికిన అవరెపప్పు సారు పెట్టారు. ఇక్కడి ముద్దలో బియ్యం ఉండదు, ఒట్టి రాగిపిండి. మా సంగటిలో బియ్యం ఉడికించి అందులో పిండి వేసి కెలుకుతాం కాబట్టి మెత్తగా, నమలడానికి వీలుగా ఉంటుంది. ఈ ముద్దని నమిలితే పళ్ళకి అంటుకుపోతుంది. చిన్న ఉండ తుంచి, సారులో దొర్లించి, మింగేయాలి. అంటే రుచంతా సారుదే. ఆ రోజు సారులో పప్పు విరగకుండా నిండుగా ఉడికింది, కొబ్బరీ ధనియాలూ నూరి వేసిన చిక్కదనం, అవరె వాసన మసాలాకి దొరక్కుండా పైనే తేలుతోంది. మా అమ్మ చేసేదాంట్లో వెల్లుల్లి ఎక్కువ, కారం ఎక్కువ. ఇది నెమ్మదైనది. నెల మొత్తం మీద నేను రెండోసారి, మూడోసారి పోయించుకున్నది ఇదొక్కటే. అత్తయ్య కూడా ఒక గరిటె వేయించుకుని, ఏమీ అనకుండా ఇంకో గరిటె కోసం గిన్నె చాపింది. మా ఆయన పక్క స్టాల్లో అవరె దోసె తెచ్చుకున్నాడు, అదీ బాగానే ఉంది, గింజలు పైన చల్లి కాల్చింది.

వచ్చే చలికాలంలో వెళ్ళేవాళ్ళకి ఒక మాట. అవరెతో జామూన్, అవరెతో జిలేబీ, అవరెతో ఐస్‌క్రీమ్ అని పెద్ద బోర్డులు పెడతారు. పిల్లలు లాగుతారు. జిలేబీ మామూలు జిలేబీయే, ఐస్‌క్రీమ్ జోలికి అసలు పోవద్దు. ఆరు దాటితే కాలు పెట్టే సందు ఉండదు, నాలుగింటికల్లా చేరుకుని ముద్దా సారూ తినేయండి. బయటికొచ్చేటప్పుడు పితికిన పప్పు అరకిలో కట్టించుకోండి, పితకడానికి ఇంట్లో ఎవరికీ టైం లేని రోజులు కదా. అదే రాత్రి వండేయండి. ఫ్రిజ్‌లో పెడితే పప్పు ఉంటుంది గానీ మర్నాటికి వాసన ఉండదు.